మాఘమాసంలో రమ్మన్నాను

మా పల్నాడు చూడ్డానికి ఏ నెలలో వస్తే బాగుంటుందని ఎవరైనా ఫోన్ చేసి అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు ఎండాకాలం సంగతి చెప్పి కాస్త భయపెడతాను. భయపడి కూడా వచ్చేవాళ్లయితే వాళ్ల పప్పులో నెయ్యి ఇంకో గరిటె వేయించవచ్చు.

మే నెలలో మా వైపు ఎండ ఎంతంటే, మధ్యాహ్నం గురజాలలో ఎగిరిన కాకి మాచర్ల చేరేసరికి వేపుడై దిగుతుంది. ఉప్పూ కారం చల్లుకోవడమే తరువాయి. ఈ మాట నేను చానామందికి చెప్పాను, ఒకాయన రాసుకున్నాడు కూడా. నిజానికి అలాంటి కాకిని నేను చూడలేదు. వేపచెట్టు నీడలో నోరు తెరుచుకుని, రెక్కలు ఎడంగా పెట్టుకుని కూర్చున్న కాకిని చూశాను. ముంతలో నీళ్లు పెడితే తాగి, ముంతను తన్నేసి పోయింది. అంతవరకే నిజం. ఎండ మాత్రం ఉంటుంది. మావి నాపరాతి ఇళ్లు. పగలంతా ఎండను తాగిన గోడలు, మనం నడుం వాల్చే వేళకు దాన్ని మెల్లగా మన మీదికి వదులుతాయి. పొద్దున పదింటికల్లా తలుపులు మూసుకుని, సాయంత్రం ఐదింటికి తెరిచి, ఆ మధ్యలో ముంజలు తింటూ ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ పడుకోవడమే మా వేసవి. నాకైతే అది బాగానే ఉంటుంది.

వానాకాలంలో మా నల్లరేగడిలో ఎద్దులు కొమ్ములదాకా దిగిపోతాయని చెబుతాను. దిగింది నా చెప్పు. ఎడమకాలిది. అది ఇంకా అక్కడే ఉండాలి. చలికాలంలో పొగమంచుకి మా ఆవిడ ఎదురుగా ఉన్నా కనపడదని, అదే నాకిష్టమైన కాలమని చెబుతాను. ఈ చివరి మాట మా ఆవిడ ఇంట్లో లేనప్పుడే చెబుతాను.

మొత్తానికి మాకు మూడు కాలాలని, ఆ మూడూ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని నా ధీమా. మొన్న మాఘమాసంలో ఒక చాయ్ కొట్టు ఆవిడ వచ్చి ఆ ధీమా కాస్తా పోగొట్టింది.

ఆవిడ ఎవరో చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేనూ మా ఆవిడా బదరీ యాత్రకు వెళ్లాం. తిరిగి వస్తుంటే కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. బస్సులోని వాళ్లందరికీ రోడ్డు పక్క ఇళ్లలో తలా ఒక చోటు దొరికింది. మాకు దొరికింది ఒక చాయ్ కొట్టు, దాని వెనక ఒకే ఒక గది. కొట్టు నడిపే ఆవిడకు మా ఆవిడ వయసే ఉంటుంది. భర్త లేడు, కొడుకు కింద పట్నంలో టాక్సీ నడుపుతాడు. ఉన్న ఒక్క మంచాన్నీ మా ఆవిడకు ఇచ్చేసి, తను పొయ్యి పక్కన నేల మీద పడుకుంది. దారి తెరిచేదాకా అదే వరస. నేనెక్కడ పడుకున్నానో ఎవరూ అడగరు కనక నేనే చెబుతున్నాను. బంగాళాదుంపల బస్తాల మీద.

వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష లేదు. మా ఆవిడకు తెలుగు తప్ప రాదు, ఆవిడకు తెలుగు అనేదొకటి ఉందని అప్పుడే తెలిసింది. మధ్యలో దుబాసీని నేను. నా హిందీ గుంటూరు మిరప యార్డులో నేర్చింది. ఉత్తరాది వ్యాపారులతో ఏళ్ల తరబడి బేరాలాడి నేర్చుకున్నది కాబట్టి అందులో సరుకు, తూకం, ధర, దబాయింపు తప్ప ఇంకేమీ లేవు. 'ఆమె అన్నం తిన్నదేమో అడుగు' అని మా ఆవిడ అంటే 'ఖానా ఖతమ్?' అని గద్దించేవాణ్ని. మా ఆవిడ చెప్పిన వాటికి నా సొంత సరుకు కూడా కలిపేవాణ్ని. మాకు వంద ఎకరాలున్నాయని ఆవిడకు తెలిసింది అలాగే. ఉన్నవి నాలుగు, అవీ కౌలుకిచ్చాం. కాకి వేపుడు కూడా అప్పుడే చెప్పాను. ఆవిడ చెయ్యి గుండెల మీద పెట్టుకుని మా ఆవిడ వైపు జాలిగా చూసింది.

ఇంటికొచ్చాక ఆదివారాలు వీడియో కాల్. నేను ఫోన్ పట్టుకుంటే వాళ్లు ఒకరికొకరు కూరలు చూపించుకునేవాళ్లు. మా ఆవిడకు ఆవిడ 'వదిన' అయింది, ఆవిడకు మా ఆవిడ 'దీదీ' అయింది. వదిన మన ఇంటికి రావాలని ఇక్కడ మా ఆవిడ ఒకటే గోల.

"రమ్మందాం, దానికేముందే," అన్నాను.

"ఒచ్చి ఒక పూటుండి పోవడం కాదయ్యా. ఆమె మంచం నాకిచ్చి నేల మీద పడుకుంది. నా మంచం మీద ఆమె నాలుగు రోజులు కంటినిండా పడుకోవాల. నాకింకేం ఒద్దు."

మా ఆవిడ చీర అడిగితే వాయిదా వేయగలను, నగ అడిగితే వినపడనట్టు ఉండగలను. దీనికి మాత్రం ఏ ఉపాయమూ దొరకలేదు.

బదరీ గుడి తెరిచి ఉన్నన్నాళ్లూ ఆవిడకు కొట్టు వదిలి కదిలే వీల్లేదు. మంచు పడి, గుడి మూసి, యాత్రికులు ఆగిపోయాకే తీరిక. అంటే మా చలికాలంలోనే రావాలి. "ఏ నెలలో రమ్మంటారు, భాయీసాబ్? మీ ఎండలంటే నాకు భయం," అని ఆవిడ అడిగింది. నిర్ణయం నా చేతికి వచ్చింది. కార్తీకంలో తుఫాన్ల భయం. మార్గశిరం, పుష్యం అయితే, మంచులోనే పుట్టి పెరిగిన మనిషికి ఎంతో హాయి. అయినా నేను మాఘం అన్నాను. చలి తగ్గుతుంది, ఎండ ముదరదు, వాన రాదు, దేశంలో ఇంతకన్నా మంచి వాతావరణం ఎక్కడా ఉండదని ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను.

అసలు సంగతి వేరే. మాఘంలో మా మిరప కళ్లాలు నిండుతాయి. కోసిన పండు కాయను పొలాల్లో, రోడ్ల వెంట, ఖాళీ స్థలం ఎక్కడ కనపడితే అక్కడ ఆరబోస్తారు. కనుచూపు మేర నేల ఎర్రబడి ఉంటుంది. వంద ఎకరాల మాట నమ్మిన మనిషికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ ఎరుపు అంతా మాదేనని చెబుదామని నా ఆశ.

మా ఆవిడ ఇంటికి సున్నం వేయించింది. గదుల్లోకెల్లా పెద్ద గది వదినకు కేటాయించింది. తన నవారు మంచానికి కొత్త నవారు అల్లించి ఆ గదిలో వేయించింది. ఒక్కటే ఇబ్బంది. కౌలుకు చేసే అతను మొదటి కోత కాయను టిక్కీలకెత్తి ఆ గదిలోనే గోడకు పేర్చి ఉంచాడు. టిక్కీ అంటే మిరపకాయ బస్తా. ధర చూసుకుని యార్డుకు తోలేదాకా అవి మా ఇంట్లోనే ఉంటాయి. మా ఇంట్లో మాఘమాసంలో టిక్కీ లేని గది ఉన్నట్టు నాకు గుర్తు లేదు. మా ఆవిడ వాటి మీద పూల దుప్పటి పరిచి, అంచులు కిందిదాకా దించి, పైన అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా పెట్టింది. అచ్చం డ్రెస్సింగ్ టేబుల్. నేను చూసి మెచ్చుకున్నాను. పట్నం లాడ్జీల్లో కూడా ఇంత పెద్దది ఉండదన్నాను.

విజయవాడ స్టేషన్‌కి కారు తీసుకుని ఇద్దరం వెళ్లాం. వాళ్లు ప్లాట్‌ఫారం మీద ఒకర్నొకరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను సామాన్లకు కాపలా ఉన్నాను. సత్తెనపల్లి దాటి రాజుపాలెం వైపు వస్తుండగా ఆవిడ తుమ్మింది.

"ఆపయ్యా కారు," అంది మా ఆవిడ. "ఒంటి తుమ్ము. ఒక్క నిమిషం ఆగి పోదాం."

డ్రైవర్ ఆపాడు. ఆగిన నిమిషంలో ఆవిడ ఇంకోటి తుమ్మింది. రెండు తుమ్ములైతే దోషం లేదని బయల్దేరాం. వెంటనే మూడోది.

"మామ్మా, ఒంటి తుమ్ముకి ఆగాల, రెండిటికి పోవాల, బానే ఉంది," అన్నాడు డ్రైవర్. "మరీమెకి లెక్క పెట్టేదెట్టా? ఈ లెక్కన మనం ఊరు చేరం."

ఊరు చేరేసరికి లెక్క వదిలేశాం. మా ఆవిడ మాత్రం ప్రతి తుమ్ముకీ 'చిరంజీవ' అంటూనే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా కళ్లాలు ఎర్రగా మెరిసిపోతున్నాయి. నేను చెయ్యి చాచి, "యే సబ్ హమారా," అన్నాను. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నీళ్లు నిండిన కళ్లతో తలూపింది. నా సంపద చూసి కదిలిపోయిందనుకున్నాను.

ఇంట్లో దిగాక కూడా ఆ కళ్లు అలాగే కారాయి. మొదటి రోజు మా ఆవిడ దాన్ని సంతోషం అనుకుంది. రెండో రోజుకి సంతోషం అంతసేపు ఉండదని అనుమానం వచ్చి, ఇంటి మీద బెంగేమో అంది. సాయంత్రానికి, "బెంగా కాదు పాడూ కాదు, రొంప పట్టింది," అని తేల్చింది. రొంపకు వైద్యం మొదలైంది. గది కిటికీలన్నీ బిగించారు. పసుపు వేసి మరిగించిన నీళ్ల గిన్నె మంచం పక్కన పెట్టి, ఆవిడ తల మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టించారు. గాలి దూరకుండా తలుపు కింద గోనెపట్ట కుక్కింది నేనే. దుప్పటి లోపల్నుంచి తుమ్ములు టపాకాయల్లా వినపడ్డాయి. రొంప విరుగుతోందని మేం సంతోషించాం.

మూడో రోజు సాయంత్రం ఆవిడ కొడుకుతో ఫోన్‌లో మాట్లాడి, సంచీ సర్దుకుని, మా ఆవిడ ముందు నిలబడింది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "దీదీ, మై చలీ," అంది.

"చలంటంది, పాపం," అని మా ఆవిడ లోపలికి పరుగెత్తింది. గొంగళి తెచ్చి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది.

హిమాలయాల్లో పుట్టిన మనిషి, మాఘమాసం సాయంత్రం, గొంగట్లో చెమటలు కక్కుతూ మళ్లీ అంది. "నహీ దీదీ. మై చలీ, మై చలీ."

"ఇంకా చలేనంటందయ్యా. ఆ రెండో గొంగళి అందుకో. ఈమెకి జొరం గానీ తగిల్లేదు గదా."

రెండో గొంగళి కూడా పడింది. ఇప్పుడు ముక్కు, కళ్లు తప్ప ఆవిడ ఎక్కడా కనపడటం లేదు. నేను గుమ్మం దగ్గర నవ్వాపుకుంటూ నిలబడ్డాను. హిందీలో చలీ అంటే వెళ్తున్నానని అర్థం, అది బేరాల హిందీలో కూడా ఉంది. బేరం కుదరని షావుకారు లేచిపోతూ అనే మాటే అది. నాకు తెలుసు. ఊరుకుంటే ఎలా ఉంటుందని కూడా ఒక క్షణం ఆలోచించాను. 'అవునే, చలే' అని నేనంటే చాలు, మా ఆవిడ ఆవిడను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, రైలు వెళ్లిపోయేదాకా కదలనివ్వదు. అలా చెప్పడం నా వృత్తికి తగ్గ పని కూడా.

కానీ మా ఆవిడ కుంపటి రాజేయడానికి వంగి, బొగ్గులు ఊదుతోంది. వదిన కోసం కట్టుకున్న కొత్త చీర అంచు బూడిదలో పడి ఉంది. నాకు నవ్వు ఆగిపోయింది.

"ఏమే," అన్నాను. "ఆమెకి చలి కాదు. పోతన్నానంటంది."

ఊదడం ఆపింది. "యాడికి?"

"ఇంటికి. కొడుకుతో ఫోన్లో అంటంటే విన్నా. రేపటి బండికి టికెట్ మార్పించుకుందంట."

మా ఆవిడ కుంపటి అక్కడే వదిలి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. కొత్త నవారును చేత్తో ఒకసారి నిమిరింది. "మనమేం చేశామో అడుగయ్యా. నువ్వేం కలపొద్దు. నేనన్నది అన్నట్టే అడుగు."

అడిగాను. ఏమీ కలపలేదు. నాకు ఆ హిందీ చప్పగా ఉంది, కానీ అర్థం చేరింది. ఆవిడ గొంగళ్లలోంచి చేతులు బయటికి తీసి, తడబడుతూ చెప్పింది. దీదీ తప్పు ఏమీ లేదు. ఇంత ప్రేమగా తనను ఎవరూ చూడలేదు. కానీ ఈ గదిలో గాలి కొరుకుతోంది. వచ్చినప్పటి నుంచి కన్ను మూతపడలేదు. చెబితే బాగుండదని ఊరుకుంది.

అదే ముక్కకు ముక్క తెలుగులో చెప్పాను.

"గాలి కొరకడమేందయ్యా?" అని మా ఆవిడ గట్టిగా గాలి పీల్చింది. నేనూ పీల్చాను. కొత్త సున్నం వాసన, పసుపు వాసన, పౌడరు వాసన. అంతే. ఇంకేమీ లేదు. మేమిద్దరం కుక్కల్లా గది నలుమూలలా వాసన చూస్తుంటే, ఆవిడ గొంగళ్లు ఈడ్చుకుంటూ డ్రెస్సింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లింది. అద్దం తీసి నా చేతికిచ్చింది. దువ్వెన, పౌడరు డబ్బా మా ఆవిడకిచ్చింది. పూల దుప్పటి తొలగించి, టిక్కీ మీద వేలు పెట్టి, "యే," అని, ఆ వెంటనే మూడు తుమ్ములు తుమ్మింది.

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయనో. వదినని తీసుకొచ్చి మిరపకాయల పక్కలో పడుకోబెట్టానా."

కౌలు అతన్ని పిలిపించాం. పొద్దుగూకిన వేళ వచ్చి, విషయం విని, అతను కూడా ముక్కు ఎగబీల్చాడు.

"ఘాటా? ఏడుంది పెద్దమ్మా ఘాటు? కాయ ఇంకా పచ్చెండు మీదుంటే. యార్డులో చూడాల ఘాటంటే."

"నీ ముక్కూ నా ముక్కూ ఎప్పుడో సచ్చిపొయ్యాయిరా. ముందా టిక్కీలు నీ గొడ్లచావిట్లోకి మోయించు. ఆటి మీద చూపించుకో నీ ముక్కు బలం."

టిక్కీలన్నీ నేనే మోశానని ఆ తర్వాత ఊళ్లో చెప్పుకున్నాను. నేను మోసింది అద్దం. గది కడిగారు, కిటికీలు తీశారు, మంచాన్ని కిటికీ పక్కకు జరిపారు. గొంగళ్లు విప్పేశాక ఆవిడ చెమట తుడుచుకుని నవ్వింది. కానీ సంచీ మాత్రం విప్పలేదు. పొద్దున్నే చూద్దామని నాతో అంది. అది మా ఆవిడకు చెప్పాను. మా ఆవిడ పెరుగన్నం కలిపి పెట్టింది.

తెల్లవారింది. మా ఆవిడ ముందే లేచి, ఆ గది ముందు చీపురు చప్పుడు కాకుండా ఊడుస్తోంది. నన్ను దగ్గనివ్వలేదు. పాలతను గంట కొట్టబోతే సైకిలు పట్టుకుని ఆపేసింది. సూర్యుడు ప్రహరీ పైకి వచ్చాడు, గదిలో అలికిడి లేదు. కాఫీ తాగాను, పేపరు చదివాను, అదే పేపరు మళ్లీ చదివాను. మా ఆవిడ తలుపు సందులోంచి చూసి వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చుంది.

"నోరు తెరిచి గురక పెడతంది," అంది. ఆ గురక తనే నేయించిన చీరైనట్టు చెప్పింది.

బాగా ఎండెక్కాక ఆవిడ లేచి వచ్చి, ఒళ్లు విరుచుకుని, వీధిగాలికి ఒక తుమ్ము తుమ్మి, నా ఫోన్ తీసుకుని కొడుక్కి చేసింది. టికెట్ మళ్లీ పాత తేదీకే మార్చమంది. అది మా ఆవిడకు నేను తర్జుమా చేసేలోపే తను లోపలికి వెళ్లి దోసెల పెనం పెట్టేసింది. ఎలా తెలిసిందో నాకు తెలియదు.

ఇప్పుడు ఎవరైనా మా ఊరి వాతావరణం అడిగితే నాలుగు కాలాలు చెబుతున్నాను. ఎండ, వాన, చలి, ఘాటు. మాఘం నుంచి చైత్రం దాకా ఘాటు కాలం. క్యాలెండర్లో ఉండదు, టీవీ వాతావరణంలో చెప్పరు, అందులో బతికేవాళ్లం మాకు తగలదు. ముక్కు సున్నితంగా ఉన్నవాళ్లు ఆ నెలల్లో రావద్దు, వస్తే టిక్కీలు ఎక్కడున్నాయో ముందుగా దుప్పట్లెత్తి చూసుకోండి. ఘాటుకి మా ఇంటి పైకప్పు లేచి ముప్పాళ్లలో పడిందని కూడా అప్పుడప్పుడూ చెబుతున్నాను. అది కాస్త ఎక్కువే.

ఆవిడ ఉన్నన్నాళ్లూ ఊరిగాలిలో ఘాటు ఉండనే ఉంది. టిక్కీలు తీసిన రెండో రోజుకే కూలి ఆడవాళ్లను చూసి, ముక్కూ నోరూ మూస్తూ తువ్వాలు కట్టుకోవడం నేర్చుకుంది. మా ఆవిడతో కలిసి కళ్లానికి వెళ్లి, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఏరడానికి కూర్చుంది. మా ఆవిడ కూడా తోడుగా తువ్వాలు కట్టుకుంది, తనకి అవసరం లేకపోయినా. నేను దుబాసీని కదా, కర్ర పట్టుకుని వాళ్ల వెనకే వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. వాళ్లు తలలు వంచుకుని, ఒకరు తెలుగులో ఒకరు హిందీలో, ఆగకుండా మాట్లాడుకుంటున్నారు. నాకు వినపడేంత గట్టిగా లేదు. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తువ్వాళ్లు ఎగిరెగిరి పడ్డాయి.

"ఏందే అంత నవ్వు? చెప్తే ఆమెకి హిందీలో చెప్తాగా," అన్నాను.

మా ఆవిడ తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది. "నువ్వింటికి పోయి పడుకోవయ్యా. మాకు అర్థమవుతంది."

ఆవిడ కూడా చెయ్యి ఊపింది, అదే తీరులో. నేను ఇంటికి వెళ్లి పడుకున్నాను.